స్నేహితులు కావాలని అడిగిన బిషప్

విజయవాడ నుంచి వరంగల్ వైపు రైల్లో వెళ్ళిన వాళ్ళందరికీ డోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది. ఖమ్మం దాటాక వస్తుంది. కొత్తగూడెం వెళ్ళే లైను అక్కడే చీలుతుంది. స్టేషన్లో రైలు ఆగితే టీ తాగుతాం, కదిలితే మర్చిపోతాం. కానీ ఆ ఊళ్ళో ఒక చర్చి ఉంది. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్‌లతో మసీదులా అనిపిస్తుంది. లోపలికి వెళితే మన దక్షిణాది గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. కట్టడానికి ఇరవై నాలుగేళ్ళకు పైగా పట్టింది. కట్టించిన మనిషి తమిళుడు. తెలుగు నేర్చుకుని, ముప్ఫై ఐదేళ్ళు తెలుగువాళ్ళ మధ్యే బతికి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన వ్యక్తి. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

ఆయన గురించి రాయాలనిపించడానికి ఒక చిన్న కారణం ఉంది. స్కూల్ కెప్టెన్ ఎన్నికల ముందు మా క్లాసు పిల్లల్ని లీడర్ అంటే ఎవరో రెండు లైన్లలో రాయమన్నాను. ఎక్కువ మంది, అందరూ ఎవరి మాట వింటారో వాళ్ళే లీడర్ అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం పేపర్ ఇస్తూ, మరి లీడర్ ఎవరి మాట వినాలి మేడమ్ అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. బి.ఎడ్‌లో నాయకత్వ శైలుల మీద నేను రాసిన జవాబుల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ గుర్తు రాలేదు. అజరయ్య గారి జీవితం చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి చర్చి గురువు. తల్లి పేరు ఎలెన్. కొడుకు కోసం చాలా ఏళ్ళు ఎదురుచూసిన ఆమె, బైబిల్లో హన్నా ప్రార్థించి కన్న బిడ్డ పేరే తన బిడ్డకూ పెట్టుకున్నారు, సమూయేలు అని. వాళ్ళది నాడార్ కుటుంబం. ఆ రోజుల్లో ఆ కులాన్ని పై కులాలవాళ్ళు చాలా తక్కువగా చూసేవారు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాళ్ళని ఈసడించేవారు. అవమానం అంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు.

పదిహేనేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి క్రమశిక్షణలో, మిషన్ బడుల్లో చదువు సాగింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు ముఖ్య సబ్జెక్టుగా బి.ఏ.లో చేరారు. ఆఖరి పరీక్షల సమయానికి జబ్బు చేసింది. పరీక్ష రాయలేకపోయారు, డిగ్రీ చేతికి రాలేదు. మన ఇళ్ళలో ఇలాంటిది జరిగితే ఎంత గొడవ అవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆయన మాత్రం మళ్ళీ పరీక్షల జోలికి పోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శి ఉద్యోగంలో చేరి దక్షిణాది అంతా తిరగడం మొదలుపెట్టారు. పాతికేళ్ళ తర్వాత, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్ళయింది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం ఆమెది. కట్నం లేదు, ఆడంబరం లేదు. అప్పట్లో క్రైస్తవ కుటుంబాల్లో కూడా కట్నకానుకలు మామూలే కాబట్టి బంధువులకు ఇది వింతగానే తోచి ఉంటుంది. తర్వాతి రోజుల్లో డోర్నకల్లో ఆయన చేసిన పనిలో సగం పని ఆమెది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు ఎవరి డబ్బు కోసమూ చూడకుండా, తమ చందాలతో తమ మనుషుల్నే సువార్త పనికి వేరే చోట్లకు పంపుతున్నారు. అది చూసి ఆయనకు సిగ్గేసింది. తిరునెల్వేలిలో క్రైస్తవులు అంతకంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు. తరాలుగా ఉన్నారు. అయినా జీతం నుంచి చర్చి పైకప్పు దాకా అన్నిటికీ ఇంగ్లండ్ వైపే చూస్తున్నారు. తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 1903లో, స్నేహితులతో కలిసి తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని మొదలుపెట్టారు. నియమం ఒక్కటే. డబ్బు మనదే, మనుషులు మనవాళ్ళే, నడిపేదీ మనమే. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో మొత్తం దేశానికి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ఆయన ముందువరసలో ఉన్నారు. స్వదేశీ ఉద్యమం వీధుల్లోకి వచ్చిన సంవత్సరమే అది.

తిరునెల్వేలి సంఘం పనికి ఎంచుకున్న చోటు ఎక్కడో కాదు, నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. తమిళులు తెలుగు పల్లెలకు రావడమంటే అప్పట్లో పరాయి దేశం వెళ్ళినట్టే. భాష వేరు, రాజ్యం వేరు. కొన్నాళ్ళకు అజరయ్యకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఊరూరా తిరిగి యువకులను పల్లెలకు వెళ్ళమని చెబుతున్నాను, నేనెందుకు వెళ్ళడం లేదు అని. అప్పటికి ఆయనకు వై.ఎం.సి.ఎ.లో మంచి హోదా ఉంది. టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి మహాసభకు వెళ్ళొచ్చారు. 1909లో ఆ ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ వచ్చేశారు. ముప్ఫై ఐదేళ్ళ వయసులో అ ఆ ల దగ్గర్నుంచి తెలుగు దిద్దారు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊళ్ళు తిరిగారు.

మరుసటి ఏడాది ఆయన జీవితంలోనే అన్నిటికంటే గుర్తుండిపోయే ఘట్టం జరిగింది. 1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధులు. అందులో ఆసియావాళ్ళు ఇరవై మంది లోపే. తెల్లదొరల రాజ్యం మంచి ఊపు మీదున్న కాలం. విదేశీ మిషనరీలు, స్థానిక పనివాళ్ళు కలిసి ఎలా పనిచేయాలి అన్న విషయం మీద మాట్లాడమని అజరయ్యను పిలిచారు.

పొగడ్తలు చెప్పి దిగిపోవచ్చు. ఆయన్ని పెంచిన బడులు మిషనరీలవే, ఆ సభలో కూర్చున్న పెద్దల్లో ఆయనకు సాయం చేసినవాళ్ళూ ఉన్నారు. అయినా లేచి ఉన్నమాట చెప్పారు. ఇండియాలో మిషనరీకి, భారతీయ పనివాడికి మధ్య ఉన్నది యజమానికి, జీతగాడికి మధ్య ఉండే సంబంధమే తప్ప స్నేహం కాదన్నారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా మనవాణ్ణి ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెట్టని మిషనరీలు ఉన్నారన్నారు. అలాగని వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేయలేదు. ఆస్తులు వదులుకుని, ప్రాణాలు కూడా ఇచ్చిన మీ మేలు భారత క్రైస్తవ సంఘం తరతరాలు తలచుకుంటుందని ఒప్పుకున్నారు. అంతా ఒప్పుకుని, మాకు ఇప్పుడు కావలసింది స్నేహితులు అని ముగించారు.

సభలో కొందరి ముఖాలు మాడిపోయాయి. ఇండియాలో పనిచేసిన మిషనరీల్లో కొందరు అది అన్యాయమన్నారు. నూరేళ్ళు దాటినా ఆ మహాసభ గురించి రాసేవాళ్ళు తప్పకుండా తలచుకునే ప్రసంగం మాత్రం అదే. నాకు ఇందులో నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. ఆయన అడిగినదేమిటో చూడండి. అధికారం అడగలేదు, నిధులు అడగలేదు. మీతో సమానంగా భోజనానికి కూర్చోబెట్టండి అన్నారు. మాల పల్లెల్లో, మాదిగ పల్లెల్లో తిరిగి వచ్చిన మనిషి భోజనం మాట ఎత్తాడంటే దాని బరువు మన తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా!

రెండేళ్ళకు ఆయన్ని బిషప్ చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దాని వెనక ఉన్నది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, ఒక ఇంగ్లీషువాడే. వ్యతిరేకత రెండు వైపుల నుంచీ వచ్చింది. నల్లవాడి కింద తెల్లవాళ్ళు ఎలా పనిచేస్తారని మిషనరీల్లో చాలామంది గొణిగారు. సొంత జిల్లా తిరునెల్వేలిలోనేమో, నాడార్ కులంవాడు మాకు బిషప్ ఏమిటని కొందరు పై కులపు క్రైస్తవులు ముఖం తిప్పుకున్నారు. జాతి గోడ ఒకటి, కులం గోడ ఒకటి. మొదటిది కట్టింది పరాయివాళ్ళు, రెండోది మనవాళ్ళు. చివరికి నిజాం రాజ్యంలో ఒక చిన్న మూలను కొత్త డయాసిస్‌గా చేసి ఆయనకు ఇచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో అభిషేకం జరిగింది.

చిన్న మూల పెద్దదైంది. 1920 తర్వాత కృష్ణా జిల్లా వైపు ఆంగ్లికన్ సంఘాలు కూడా డోర్నకల్ కిందికి వచ్చాయి. అంటే అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఇంగ్లీషు మిషనరీలకు ఇప్పుడు అజరయ్యే పై అధికారి. పదేళ్ళ కింద గొణిగిన మాట ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన ఎవరినీ దెప్పిపొడవలేదు, ఎవరికీ భయపడనూ లేదు. వాళ్ళు ఆయన కింద పనిచేశారు. చనిపోయేదాకా ఆంగ్లికన్ సంఘంలో సొంత డయాసిస్ ఉన్న భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. ఈ మాట ఆయన గొప్పతనం కింద రాయాలో, ఆ సంఘం పిసినారితనం కింద రాయాలో నాకు తేలలేదు.

ఇక డోర్నకల్లో ఆయన నడిపిన పని. క్రైస్తవంలోకి వస్తున్నవాళ్ళలో ఎక్కువ మంది మాలలు, మాదిగలు. భూమి లేదు, అక్షరం లేదు, ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేదు. పైగా ఈ రెండు కులాల మధ్య కూడా పొత్తు లేదు. ఒకరింట ఒకరు తినరు. చర్చిలోకి వచ్చినా ఆ గొడవ వాళ్ళతోపాటే వచ్చేది. ఎడిన్‌బరోలో దొరల్ని అడిగిన ప్రశ్ననే ఆయన ఇక్కడ తనవాళ్ళనీ అడగాల్సి వచ్చింది. ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే రొట్టె, ఒకే గిన్నె. దానికి ఒప్పుకోకపోతే బాప్తిస్మానికి అర్థం లేదని ఆయన పట్టు. ఆ పని ఆయన జీవితకాలంలో పూర్తయిందని చెబితే అబద్ధమే అవుతుంది. ఇప్పటికైనా పూర్తయిందా అంటే అదీ కష్టమే.

ఆయన దృష్టిలో పల్లెను పట్టి పీడించే దయ్యాలు నాలుగు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లీషులో నాలుగూ డి అక్షరంతోనే మొదలవుతాయి, పిల్లల్ని అడిగి చూడండి, ఇట్టే చెప్పేస్తారు. వీటి మీద పోరాడేది బిషప్ కాదు, పల్లె బడిలో ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు బడి, సాయంత్రం ప్రార్థన. ఆ ఉపదేశిలో చాలామంది అదే పల్లెల నుంచి, అదే కులాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలోంచే గురువులూ తయారయ్యారు. గురువుల శిక్షణకు వచ్చేవాళ్ళు భార్యల్ని కూడా తీసుకురావాలి. భర్తలు ఒక పక్క చదువుకుంటుంటే, భార్యలకు చదువు, శుభ్రత, పిల్లల పెంపకం అన్బు మరియమ్మాళ్ చెప్పేవారు. పల్లెకు తిరిగి వెళ్ళేటప్పుడు చదువు వచ్చినవాళ్ళు ఇద్దరు వెళ్ళేవారు. ఆడవాళ్ళ కోసం మదర్స్ యూనియన్ పనిని కూడా ఆమె నడిపారు.

ఇంకొక సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడు పడలేదు. ఆ నిరుపేద కూలీల దగ్గర్నుంచి ఆయన చందా అడిగేవారు. డబ్బు లేకపోతే అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టమనేవారు. కోతల పండక్కి ధాన్యం, కోడి, గుడ్లు, గుమ్మడికాయ, ఏది ఉంటే అది. తినడానికి లేనివాళ్ళని ఇమ్మనడం ఏమిటి అనిపించింది. తర్వాత జాఫ్నా గుర్తొచ్చింది. ఎప్పుడూ పుచ్చుకునేవాడు ఇచ్చేవాడికి స్నేహితుడు కాలేడని ఆయన ఇంగ్లీషువాళ్ళ విషయంలో చూశారు. తన కింద ఉన్న పేదవాళ్ళ విషయంలో తానే ఆ దొర స్థానంలో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. పిడికెడు బియ్యం ఇచ్చిన కూలివాడికి చర్చి తనది. ఈ విషయం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు, క్రిస్టియన్ గివింగ్ అని.

1940 నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇంత పెద్ద ఎత్తున మతం మారడం దేశంలో అందరికీ నచ్చలేదు. 1930ల్లో గాంధీ గారికి, అజరయ్య గారికి మధ్య ఈ విషయం మీద గట్టి భేదాభిప్రాయం వచ్చింది. పేదవాళ్ళ ఆకలిని, అజ్ఞానాన్ని ఆసరా చేసుకుని మిషనరీలు మతం మారుస్తున్నారని గాంధీ గారి అభ్యంతరం. మాలవాడికీ, మాదిగవాడికీ సొంత ఆలోచన ఉండదా, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు లేదా అని అజరయ్య వాదన. మన స్కూల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, మీ ఇళ్ళలో దీని మీద అభిప్రాయాలు రకరకాలుగా ఉంటాయి. అందుకని తీర్పు చెప్పే పని నేను పెట్టుకోను. ఒక్క విషయం మాత్రం ఇద్దరినీ ఒకే వైపు నిలబెడుతుంది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం మతాలవారీగా, వర్గాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు వేరే సీట్లు వద్దన్నవాళ్ళలో అజరయ్య ఉన్నారు. సీట్లు వస్తే తన మనుషులకు పదవులొస్తాయి, తన మాటకు బలం పెరుగుతుంది. కానీ అప్పుడు ప్రతి బాప్తిస్మమూ ఒక ఓటు లెక్కే అవుతుంది, క్రైస్తవుడు పక్కింటివాడికి పరాయివాడవుతాడు అని ఆయన భయం. వచ్చే బలాన్ని వద్దనుకునే నాయకుల్ని నేను ఎక్కువమందిని చదవలేదు.

ఆయన్ని ఏ లోపమూ లేని మనిషిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆంగ్లికన్ ఆరాధన క్రమం మీద ఆయనకు విపరీతమైన ప్రేమ. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆ ప్రార్థనల పద్ధతిని తెలంగాణ పల్లెల్లో ఎందుకు నేర్పాలి అని అడిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. స్వాతంత్ర్య ఉద్యమానికి కాస్త దూరంగా ఉన్నారన్న విమర్శా ఉంది. మరోవైపు తెలుగు కీర్తనలు, భజనలు, నాటకాలు చర్చిలోకి రావాలని పట్టుబట్టిందీ ఆయనే. ఆ రెండు మనసులూ ఒకే చోట చూడాలంటే డోర్నకల్ కెథెడ్రల్ చూడాలి.

దాని పని 1914లో మొదలైంది. మొదలైన ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. డబ్బులు లేక ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. లండన్‌లో ఉండే చర్చిలా కోసుగా, ఎత్తుగా కట్టొచ్చు. ఆయన అలా వద్దన్నారు. హిందూ దేవాలయాల స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు, మినార్‌లు, మధ్యలో సిలువ. ఈ నేలమీద ఎవరు నడిచివచ్చినా ఇది తన ఊరి కట్టడంలాగే ఉండాలన్నది ఆలోచన. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. ఆ తేదీ కావాలనే ఎంచుకున్నది. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన రోజుగా క్రైస్తవులు జరుపుకునే ఎపిఫనీ పండుగ అది. చర్చి పేరు కూడా అదే.

ఆయనకు పూర్తిగా చూడటం కుదరని కల ఒకటి మిగిలింది. దక్షిణాదిలో ఆంగ్లికన్లు వేరు, మెథడిస్టులు వేరు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు వేరు. ఇంగ్లండ్, స్కాట్లండ్, అమెరికాల్లో ఎప్పుడో జరిగిన తగాదాలను మోసుకుని మాలపల్లెలో మనం వేరువేరు చర్చిలు ఎందుకు పెట్టుకోవాలి అని ఆయన బాధ. 1919లో తరంగంబాడిలో ముప్ఫై మూడు మంది కూర్చుని ఐక్యతకు పిలుపు ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులే. పిలిచి కూర్చోబెట్టినవాళ్ళలో అజరయ్య ముఖ్యులు. తర్వాత పాతికేళ్ళు కమిటీలు, ఉత్తరాలు, సవరణలు, అలకలు. బిషప్ పదవి ఉండాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మీదే సంవత్సరాలు గడిచాయి. ఆయన లాసాన్ వెళ్ళి చెప్పారు, లండన్ వెళ్ళి చెప్పారు, ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. విసుగు పుట్టే పని ఇది. దీన్ని ఎవరూ సినిమా తీయరు.

1944 క్రిస్మస్ రోజుల్లో కూడా ఆయన పనిలోనే ఉన్నారు. కొద్ది రోజుల జబ్బుతో 1945 జనవరి 1న డోర్నకల్లో కన్నుమూశారు. అప్పటికి డెబ్భై ఏళ్ళు. అక్కడే సమాధి చేశారు. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులో ఆ వేరువేరు సంఘాలన్నీ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యాయి. మన ఊళ్ళలో సి.ఎస్.ఐ. అన్న బోర్డుతో కనిపించే చర్చిలు, బడులు, ఆసుపత్రులు అవే.

ఈసారి ఖమ్మం, వరంగల్ మధ్య ప్రయాణం పడితే, వీలుంటే పిల్లలతో డోర్నకల్లో ఒక పూట దిగండి. లోపల రాతి స్తంభాల మొదట్లో తామర పువ్వులు ఎక్కడున్నాయో వాళ్ళనే వెతకమనండి.